దివ్యకత్తెరలో మాయమైన మేనమామ

చోడవరం బస్సు స్టాండు వెనకాల ‘సూరి డిజిటల్స్’ అని ఒక స్టూడియో ఉంది. దాని యజమాని గొర్లె అప్పలసూరి. చుట్టుపక్కల పద్దెనిమిది ఊళ్లలో ఎవరికి మూడుముళ్లు పడ్డా అవి సూరి కెమెరా ముందే పడాలి. ముహూర్తం దాటితే దాటనీ అని, సూరి బ్యాటరీ మార్చుకునేదాకా తాళి చేత్తో పట్టుకుని నిలబడ్డ పెళ్లికొడుకులున్నారు ఆ ప్రాంతంలో. ఒకాయనైతే సూరికి ఫోకస్ కుదరలేదని మూడుముళ్లూ విప్పి మళ్లీ వేశాడు. నమ్మకపోతే ఆయన భార్యనడగండి. ఆవిడ లెక్కలో ఇప్పటికీ తనకి పడినవి ఆరు ముళ్లు.

అంతటి సూరి ఓ బుధవారం పొద్దున్నే కంప్యూటరు ముందు కూర్చుని చెమటలు కక్కుతున్నాడు. వెనకాల నిలబడ్డ కోరుకొండ బంగార్నాయుడు వదులుతున్న ఊపిరికి సూరి మెడ మీది వెంట్రుకలు వరిచేలు ఊగినట్టు ఊగుతున్నాయి.

బంగార్నాయుడు పెళ్లికూతురు ఝాన్సీకి మేనమామ, ఆ పిల్ల తల్లి ఆయనకి అప్ప, అంటే అక్క. పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చే హక్కు మేనమామది. ఎక్కడైనా ఆ బుట్టకి నలుగురు చేతులేస్తారు. బంగార్నాయుడు మాత్రం తానొక్కడే ఎత్తి తెచ్చానని పెళ్లైన నాటినుంచీ కనబడ్డవాడికల్లా చెబుతున్నాడు. చెప్పినప్పుడల్లా బుట్ట బరువు పెరుగుతూ వచ్చింది. మొదట్లో యాభై కిలోలుండేది, పదహారు రోజుల పండగ నాటికి క్వింటాలు దాటింది.

“ఒరే సూరీ, నానేడిరా?” అన్నాడు బంగార్నాయుడు.

“అదే సూస్తన్నాను బాబూ.”

“బుట్టుంది. బుట్టలో పిల్లుంది. బుట్ట కింద నానుండాల. నా నడుమింకా నొప్పెడతంది. మరా నొప్పెవుడిదిరా?”

తెర మీద ఝాన్సీ కెమెరా వైపు చూస్తూ బుట్టలో కూర్చుంది. బుట్ట గాలిలో తేలుతూ వస్తోంది. సన్నాయివాళ్లు దారిచ్చారు. అరటిచెట్ల తోరణం దగ్గర బుట్ట తనంతట తానే కాస్త వంగి, లోపలికొచ్చి మళ్లీ లేచింది.

“దేవతల పెళ్లిలాగుంది గదా బాబూ,” అన్నాడు సూరి, చావుకి తెగించి.

“దేవతలకి మాత్రం మేనమావలుండరేటిరా?”

బంగార్నాయుడు స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

“ఇను. ఆదివారం పది గంటలకి మా ఇంటి ముందు తెర కడతన్నాను. ఎనభైమంది సుట్టాలొస్తారు. మా బావ సన్యాసినాయుడేమో ‘నానో సెయ్యేసాను గాబట్టి లేసింది గానీ, లేకపోతే బుట్ట అక్కడే ఉండేది’ అని ఊరంతా సెప్పుకు తిరుగుతున్నాడు. ఆడి నోరు మూయించాలనే ఈ వీడియో ఏయిస్తన్నాను. అందులో నానే నేకపోతే నా బతుకేటి? ఆదివారం నాను తెర మీద కనబడకపోతే మా అప్ప గుమ్మం జన్మలో తొక్కను. నువ్వు మా పద్దెనిమిదూళ్లలో కెమెరా పట్టవు. యెల్తాను.”

సూరి తప్పేమీ లేదు పాపం. ఆరు నెలల క్రితం రాష్ట్రంలో ఒక ఉత్తర్వు వచ్చింది. పెళ్లి వీడియోలన్నీ ఇక మీదట స్వదేశీ సాఫ్ట్‌వేరులోనే కూర్చాలి, వేరే దాంట్లో కూర్చితే ఆ పెళ్లికి సర్టిఫికెట్ ఇవ్వరు. ఆ సాఫ్ట్‌వేరు పేరు దివ్యకత్తెర. దాన్ని తయారుచేసింది దృశ్య సంధాన సాఫ్ట్‌వేర్ సంస్థ. ఏడో వెర్షన్ దాకా అది బుద్ధిగానే పనిచేసింది. ఏడో వెర్షన్‌లో ‘అనవసర వ్యక్తుల నివారణ’ అనే కొత్త సదుపాయం పెట్టారు. కెమెరా వైపు చూడనివాడు అనవసరమైనవాడని దాని సిద్ధాంతం. బంగార్నాయుడు బుట్ట కింద నుంచి తన కాళ్లు చూసుకుంటూ నడిచాడు. అక్కడికి ఆయన కథ ముగిసింది.

సూరి సంస్థకి ఫోను చేశాడు. ముందు పావుగంట వీణ వినిపించింది. తర్వాత ఒక గంభీరమైన గొంతు, “తమరి ప్రశ్నయే మా ఊపిరి,” అంది. ఆ తర్వాత నిజంగా ఒక మనిషి పలికింది. ఆవిడ పేరు పొట్నూరు రమణమ్మ, జవాబుల గుమస్తా.

“ఏ వెర్షన్ బాబూ?”

“ఏడమ్మా.”

“ప్రశ్న చెప్పండి.”

“మనుషులు మాయమైపోతున్నారమ్మా. మళ్లీ తెప్పించుకోడం ఎలాగ?”

“ఓస్, అదా! దానికేముంది? సెట్టింగుల్లోకి వెళ్లి మూ—”

అటువైపు ఠంగుమని గంట మోగింది. రమణమ్మ ఆగిపోయింది.

“ఎనిమిదో వెర్షన్ విడుదలైంది బాబూ. మీది ఏడో వెర్షన్ ప్రశ్న. అది పరిష్కారమైపోయింది.”

“ఎక్కడ పరిష్కారమైందమ్మా?”

“రిజిస్టర్లో,” అని ఆవిడ ఫోను పెట్టేసింది.

సూరి కంప్యూటరు వైపు తిరిగేసరికి ఎనిమిదో వెర్షన్ తనంతట తానే వచ్చి కూర్చుని ఉంది. అందులో బంగార్నాయుడు కనబడ్డాడు. సూరి ప్రాణం లేచొచ్చింది. కానీ ఈసారి పిల్ల లేదు. బంగార్నాయుడు ఖాళీ బుట్ట నెత్తిన పెట్టుకుని, పళ్లు బిగించి, కళ్ల నీళ్లతో మండపం వైపు నడుస్తున్నాడు. సంతలో సరుకు అమ్ముడుపోక తిరిగొస్తున్నవాడిలా ఉన్నాడు.

మళ్లీ ఫోను. మళ్లీ వీణ. మళ్లీ “మూ—” దగ్గర గంట.

గురువారం వచ్చిన వెర్షన్ ఇద్దర్నీ తెచ్చింది. అందులో కొత్తగా ‘సమాన అవకాశం’ అనే సదుపాయం ఉంది. దాని పుణ్యమా అని బంగార్నాయుడు బుట్టలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు, ఝాన్సీ ఆయన్ని మోసుకొస్తోంది. అది ఎలాగో ఝాన్సీ అత్తగారి ఫోనులోకి వెళ్లింది. ఆవిడ రెండుసార్లు చూసి, “పిల్ల పనిమంతురాలే,” అందట.

బంగార్నాయుడు మాత్రం స్టూడియో గుమ్మంలో నిలబడి ఆదివారానికి ఇంకెన్ని రోజులున్నాయో సూరికి వేళ్లతో చూపించి వెళ్లిపోయాడు.

శుక్రవారం పొద్దున సూరి కెమెరా సంచీ భుజాన వేసుకుని బస్సెక్కి పట్నం వెళ్లాడు.

సంస్థ భవనం మీద కొబ్బరిచెట్టంత బోర్డు ఉంది. దాని మీద ‘నేటి పెండింగు ప్రశ్నలు: సున్న’ అని రాసి ఉంది. ఆ సున్న బండి చక్రమంత ఉంది. దాని కింద గేటు దగ్గర నుంచి రోడ్డు మలుపు దాకా ప్రశ్నలు పట్టుకుని జనం నిలబడి ఉన్నారు. సూరి ముందు నిలబడ్డ నర్సీపట్నం పెద్దాయన గడ్డం చూస్తే ఆయన వచ్చి చాన్నాళ్లైనట్టుంది.

“ఏ వెర్షన్ మీద వచ్చారు బాబూ?” అనడిగాడు సూరి.

“వచ్చినప్పుడు నాలుగు. ఇప్పుడెంతో వాళ్లనే అడగాలి. అడిగితే అదో ప్రశ్న, దానికి మళ్లీ వేరే లైను,” అన్నాడు పెద్దాయన శాంతంగా.

లైను కదిలి కిటికీ దగ్గరికి చేరేసరికి ఇరవై తొమ్మిదో వెర్షన్ నడుస్తోంది. సూరి నోరు తెరిచాడు, గంట మోగింది. లైను చివరికి వెళ్లాడు. ముప్పై ఒకటి. నోరు తెరిచాడు, గంట మోగింది. మూడోసారి గంట మోగాకనే తెరుద్దామని నోరు మూసుకుని నిలబడ్డాడు. ‘ప్రశ్న లేనివారు లైనులో నిలబడరాదు’ అని వాచ్‌మన్ బయటికి లాగేశాడు.

లాగిన చోటు ఉపసంచాలకులు చక్రపాణిరావుగారి గది ముందు. సూరి వదిలించుకుని ఆ గదిలోకే దూరాడు.

చక్రపాణిరావుగారు మనిషి సన్నగా ఉంటారు గానీ మాట బాగా లావు. సూరి చెప్పిందంతా విని, కళ్లజోడు తుడుచుకుని, దేవుడికి హారతిచ్చినట్టు చెయ్యి గుండ్రంగా తిప్పారు.

“చూడండి అప్పలసూరిగారూ. ప్రశ్న అనునది ఒక వెర్షన్ యందు జనించును. ఆ వెర్షన్ గతించిన పిమ్మట తత్సంబంధిత ప్రశ్న కూడా గతించును. గతించిన ప్రశ్నకు జవాబిచ్చుట నిబంధన పదకొండు ప్రకారము నిషిద్ధము.”

“ప్రశ్న పోయింది సరేనండీ. నా సమస్య పోలేదు కదండీ?”

“సమస్య మా పరిధిలోకి రాదు. మాది ప్రశ్నల విభాగము.”

తర్వాత ఆయనే ముచ్చటపడి ఆ చరిత్రంతా చెప్పుకొచ్చారు. మూడు నెలల కిందట సంస్థలో పదకొండు వేల ప్రశ్నలు పేరుకుపోయాయట. పై కార్యాలయం నుంచి అక్షింతలు పడ్డాయట. సరిగ్గా అప్పుడే నాలుగో వెర్షన్ విడుదలై, మూడో వెర్షన్ మీద వచ్చిన ప్రశ్నలన్నీ ఒక్క క్షణంలో చెల్లిపోయాయి. ఆ క్షణంలో చక్రపాణిరావుగారికి జ్ఞానోదయమైంది. జవాబు ఒక్కొక్కరికీ చెప్పాలి, వెర్షన్ అయితే అందరికీ ఒకేసారి విడుదల చెయ్యొచ్చు. మొదట్లో నెలకొకటి విడుదల చేశారు. తర్వాత వారానికొకటి. ఈ వారం నుంచి బడిగంట ఒకటి కొనితెచ్చి, పది ప్రశ్నలు పోగైతే చాలు మోగిస్తున్నారు.

“మరి మార్పేమీ లేకుండా కొత్త వెర్షన్ అనలేరు కదండీ?”

“అనలేము. కావున ప్రతి వెర్షన్‌లోనూ ఏదో ఒకటి మార్చెదము. ఎర్ర మీటను పచ్చన చేసెదము. కుడివైపుది ఎడమకు జరిపెదము. మరేమీ తోచనిచో నూతన సదుపాయమును ప్రసాదించెదము. నేటికి నూతన సదుపాయములు రెండువందల ఆరు. వాటి వలన నూతన ప్రశ్నలు జనించుచున్నవి. వాటి నిమిత్తము నూతన వెర్షన్లు. సంస్థ మూడు షిఫ్టులలో పనిచేయుచున్నది. ఇంతటి అభివృద్ధి దేశములో మరెక్కడా లేదు.”

సూరి బయటికొచ్చి ఎదురుగా ఉన్న టీ బడ్డీ బల్ల మీద కూలబడ్డాడు. మరొక్క రోజు గడిస్తే ఆదివారం. పక్కన ఇద్దరు ఆటోవాళ్లు మాట్లాడుకుంటున్నారు.

“అనకాపల్లి నుంచి దేవరాపల్లికి బస్సే లేదంట,” అన్నాడొకడు.

అంతే. రెండోవాడు లేచాడు, టీ బడ్డీ ఆయన గరిటెతో సహా బయటికొచ్చాడు, దారిన పోతున్న ఒకాయన సైకిలు దిగాడు. “ఎవుడన్నాడు లేదని? పొద్దున్న ఒకటుంది.” “పొద్దున్న కాదు, తొమ్మిదిన్నర.” “తొమ్మిదిన్నరది చోడవరం మీంచి పోద్ది.” ఊపిరి తీసుకునేలోగా ఆ దారిలో తిరిగే బస్సులన్నీ, వాటి డ్రైవర్ల పేర్లతో సహా, బల్ల మీదికొచ్చి పడ్డాయి.

సూరి టీ గ్లాసు కింద పెట్టాడు. ఇన్నేళ్లు పెళ్లిళ్లు తీసినవాడికి ఈ ముక్క ముందే తట్టాల్సింది. పెళ్లింట్లో “వంటశాల ఎటండీ?” అనడిగితే ఎవడూ పలకడు. “ఈ ఇంట్లో భోజనాల్లేవంట” అంటే పాతికమంది చెయ్యి పట్టుకుని విస్తరి ముందు కూర్చోబెడతారు.

లేచి, రోడ్డు దాటి, లైను పక్కనుంచి దర్జాగా నడుచుకుంటూ జవాబుల విభాగంలోకి వెళ్లాడు. వాచ్‌మన్ అడ్డొచ్చాడు.

“నాకు ప్రశ్న లేదు,” అన్నాడు సూరి. ఆ మాట అక్కడ ఇంతకుముందు ఎవరూ అనలేదేమో, వాచ్‌మన్ సెల్యూట్ కొట్టాడు.

లోపల నలభై బల్లల వెనకాల నలభైమంది గుమస్తాలు సగం సగం జవాబులు రాసి పక్కన పెడుతున్నారు. సూరి మధ్యలో నిలబడి, గొంతు సవరించుకుని, సంతలో ఎద్దుని తప్పుపట్టేవాడిలా అన్నాడు:

“దివ్యకత్తెరలో మాయమైన మనిషిని మళ్లీ తెప్పించే ఉపాయమే లేదు. ఇంత పెద్ద సంస్థ, ఆ ముక్క చాతకాలేదు.”

నలభై కుర్చీలు ఒక్కసారి వెనక్కి జరిగాయి. అందరికన్నా ముందు లేచిన మనిషి గొంతు సూరికి ఫోన్లో బాగా అలవాటైన గొంతు.

“ఎవరయ్యా లేదంది?” అంటూ రమణమ్మ పెన్ను బల్లకేసి కొట్టింది. “సెట్టింగుల్లోకి వెళ్లు. మూడో వరస చూడు. ‘ఉన్నది ఉన్నట్టు’ అని ఉంటుంది. దాని పక్కన టిక్కు పెట్టు. ఎక్కడివాళ్లక్కడికి వస్తారు. మొదటి వెర్షన్ నుంచీ అక్కడే ఉంది! మా ఇంజనీర్లకి అదొకటుందని తెలీదు కాబట్టి కదపలేదు గానీ, లేదంటావేంటి?”

“ఊరెళ్లగానే కొత్త వెర్షన్ దిగకుండా ముందు నెట్టు తీగ పీకేసి, తర్వాత టిక్కు పెట్టుకో,” అన్నాడు పక్క బల్లాయన.

గోల విని చక్రపాణిరావుగారు పరిగెత్తుకొచ్చారు. “ఏమమ్మా రమణమ్మా! జవాబు పూర్తిగా చెప్పితివా?”

“నేను జవాబెక్కడ చెప్పానండీ? ఈ బాబు ప్రశ్నే అడగలేదు. తప్పు మాట్లాడాడు, దిద్దాను. దిద్దకూడదని నిబంధన ఎక్కడుందో చూపించండి.”

నిబంధనల పుస్తకం తెప్పించి వెతికారు. లేదు. చక్రపాణిరావుగారి ముఖం ముడుచుకుంది గానీ, అంతలో ఆయన చూపు సూరి భుజాన ఉన్న సంచీ మీద పడింది.

“అందున్నది కెమెరాయా? దైవమే పంపినాడు! నేటి సాయంత్రము నాలుగింటికి మా ప్రశ్నరహిత దినోత్సవము. పై కార్యాలయము నుండి పర్యవేక్షణాధికారిగారు స్వయముగా విచ్చేయుచున్నారు. మా వీడియోగ్రాఫరు తన ప్రశ్న తీరేదాకా కెమెరా ముట్టనని మూడు నెలలుగా లైనులో ఉన్నాడు. తమరే చిత్రీకరించవలెను.”

సూరి సరేనన్నాడు. జవాబు చేతికందినవాడికి లోకమంతా మంచిదే.

నాలుగింటికి వేదిక మీద పదకొండు కుర్చీల్లో పదకొండుమంది అధికారులు కూర్చున్నారు. రమణమ్మ చేత అందరికీ దండలు వేయించారు. ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. ముగియగానే చక్రపాణిరావుగారు, ఇప్పుడే తీసిన వీడియోని ఇక్కడే, తాజా వెర్షన్‌లో కూర్చి, అతిథిగారికి ప్రదర్శించాలన్నారు. నలభై ఒకటో వెర్షన్ అంతకు ముందే దిగింది. అందులో అనవసర వ్యక్తుల సిద్ధాంతాన్ని సవరించారు. కెమెరా వైపు చూడనివాడు కాదు, పనేమీ చెయ్యనివాడు అనవసరం.

సూరి మనసు మంచిది. చెయ్యి మూడో వరస దగ్గరికి వెళ్లి ఆగింది.

“అయ్యా, ‘ఉన్నది ఉన్నట్టు’ పెట్టమంటారా?”

“అది ప్రశ్నా?” అన్నారు చక్రపాణిరావుగారు, కనుబొమ్మలెత్తి.

సూరి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “కాదండీ.”

“సంతోషము. నేడు ఈ ఆవరణలో ప్రశ్న వినబడరాదు.”

హాల్లో దీపాలు తీశారు. తెర మీద వేదిక కనబడింది. వేదిక మీద పదకొండు కుర్చీలు, పదకొండూ ఖాళీ. రమణమ్మ ఒక్కతే పళ్లెంతో వచ్చి, ఖాళీ కుర్చీకి దండ వేసి, వంగి నమస్కారం చేసి, పక్క కుర్చీ దగ్గరికి జరిగింది. పదకొండు కుర్చీలకీ అలాగే చేసింది. దండలు గాల్లో మెడ ఎత్తున నిలబడిపోయాయి. మైకు దగ్గరికి ఒక దండ నడిచొచ్చింది. చక్రపాణిరావుగారి గొంతు మాత్రం ఖంగుమంటూ, “ఈ సంస్థ నేడు ఈ స్థితిలో ఉన్నదంటే అందుకు వేదికపై ఉన్న పెద్దలే కారణము,” అంది.

పర్యవేక్షణాధికారిగారు కుర్చీలో ముందుకి వంగారు. “నేనేడీ?” అన్నారు.

ప్రశ్నరహిత దినోత్సవంలో ప్రశ్న! అదీ ముఖ్య అతిథి నోటి నుంచి! చక్రపాణిరావుగారు చెమట తుడుచుకున్నారు గానీ చలించలేదు. జేబులోంచి ప్రశ్నల లైను టోకెను తీసి, రెండు చేతులా అతిథికి సమర్పించి, వెనక్కి తిరిగి కనుసైగ చేశారు.

ఠంగ్.

“అయ్యా, నలభై రెండో వెర్షన్ విడుదలైనది. తమరి ప్రశ్న పరిష్కృతము.”

అతిథిగారు గడియారం చూసుకున్నారు. “పదకొండు సెకన్లు!” అన్నారు నోరు తెరిచి. “నా సర్వీసులో నేను అడిగిన ఏ ప్రశ్నా ఇంత తొందరగా పరిష్కారం కాలేదు!”

షీల్డు ఇచ్చారు. చప్పట్లు కొట్టారు. సూరి ఆ సందట్లో సంచీ సర్దుకుని చోడవరం బస్సెక్కాడు.

శనివారం పొద్దున్నే స్టూడియో తలుపు తీసి, ముందు నెట్టు తీగ పీకాడు. తర్వాత మూడో వరసలో టిక్కు పెట్టాడు. వీడియో ఆడించి చూశాడు. చూసి, ఆపి, తల గోక్కుని, మళ్లీ చూశాడు. ముందు వైపు తాను తీసింది ఒకటి, పక్కన స్టాండు మీద పెట్టి వదిలేసిన కెమెరా తీసింది ఇంకొకటి. పక్క కెమెరాలో ఏముందో పెళ్లి హడావుడిలో తనూ చూడలేదు. సరే, ఉన్నది ఉన్నట్టు అన్నాక తను చేసేదేముంది?

ఆదివారం పదింటికి బంగార్నాయుడి ఇంటి ముందు షామియానా కింద, చీకటి కోసం చుట్టూ దుప్పట్లు కట్టిన పందిట్లో ఎనభైమంది కూర్చున్నారు. ముందు వరసలో బంగార్నాయుడి అప్ప, ఆవిడ పక్కన ఆవిడ మొగుడు సన్యాసినాయుడు. బంగార్నాయుడు మీసం దువ్వుకుని తెర పక్కనే నిలబడ్డాడు.

సన్నాయి మొదలైంది. బుట్ట వచ్చింది. బుట్టలో ఝాన్సీ. బుట్ట కింద తన కాళ్లు చూసుకుంటూ, పళ్లు బిగించి, నిండుగా, స్పష్టంగా బంగార్నాయుడు. పందిరి మారుమోగిపోయింది. “సూసినావా బావా!” అని బంగార్నాయుడు తొడ కొట్టాడు. సూరి గుండె కుదుటపడింది. గొడవ తీరింది, తన కెమెరా బతికింది.

అప్పుడు పక్క కెమెరా వచ్చింది.

అందులో బుట్ట వెనకాల సన్యాసినాయుడున్నాడు. బుట్ట అడుగున వీపు పెట్టి, నాలుగు కాళ్ల మీద నడిచినట్టు నడుస్తున్నాడు. ఆయన పక్కన వంటాయన ఒక చెయ్యి, కొబ్బరికాయలాయన ఒక చెయ్యి, ఆఖరికి పెళ్లికొడుకు పెదనాన్న కూడా ఒక చెయ్యి. తోరణం దగ్గరైతే బంగార్నాయుడి రెండు చేతులూ జారుతున్న పంచె మీదున్నాయి. బుట్ట మాత్రం నిశ్చింతగా ముందుకి పోతోంది.

సన్యాసినాయుడు తెరని చూస్తూ తన వీపు తడుముకున్నాడు. ముందుగా నవ్వింది అప్ప. “ఒరే బంగారీ, కనబడితే గుమ్మం తొక్కుతానన్నావు. కనబడ్డావు గదా! మద్దేన్నం భోజనానికొచ్చీ. మీ బావకి నడుం నొప్పంట, నీ మందు సీసా కూడా అట్టుకురా,” అంది. ఎనభైమందీ పగలబడ్డారు.

బంగార్నాయుడు తెర వెనకనుంచి మెల్లగా జరిగి సూరి పక్కన చేరాడు. చెవిలో గుసగుసగా అడిగాడు:

“ఒరే సూరీ, ఈ ఎనకాలున్నోళ్లని తీసేసే వెర్షనేదైనా ఉండేదేటిరా?”

సూరి లేచి నిలబడ్డాడు. చెయ్యి గుండ్రంగా తిప్పాడు. పక్కనున్న ప్రసాదం పళ్లెం మీద గరిటెతో ఠంగుమని ఒక్కటి కొట్టాడు.

“తమరి ప్రశ్న పరిష్కారమైపోయింది బాబూ.”